ఎనిమిదో తరగతికి వెళ్తున్న మనవరాలికి

చింతామణి,
మే నెలాఖరు

చి॥ మనవరాలికి,

ఈ ఉత్తరం తెలుగులోనే రాస్తున్నాను, నువ్వే చదవాలి. పోయిన ఎండాకాలం సెలవుల్లో నేర్పిన అక్షరాలు మర్చిపోయి ఉండవు. ఎక్కడైనా తట్టుకుంటే మీ అమ్మనడుగు. ఇందులో కొంత మీ అమ్మకూ నాన్నకూ చెప్పవలసింది కూడా ఉంది కాబట్టి ముగ్గురూ కూర్చుని చదువుకున్నా మంచిదే.

నువ్వు బాగేపల్లి హైస్కూల్లో చేరబోతున్నావు కదా, మీ అమ్మ ఫోనులో ఒక మాట చెప్పింది. కొత్త యూనిఫారం గురించి గానీ షూల గురించి గానీ నీకు దిగులు లేదట. "అర్థం కాలేదని లేచి అడిగితే బాగేపల్లి పిల్లలు నవ్వుతారేమో" అన్నావట. అది విన్నప్పటి నుంచి నా మనసు ఆ మాట మీదే ఉంది. ఎనిమిదో తరగతిలో చేరే పల్లె పిల్లలందరికీ ఉండే భయమే ఇది. చాలామంది పైకి చెప్పరు, లోపలే దాచుకుంటారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని, నా కళ్ళతో చూసింది చెబుతున్నాను. ఎనిమిదిలో వెనకబడే పిల్లలు తెలివి చాలక వెనకబడరు. అడగడం మానేసి వెనకబడతారు.

అట్లా ఎందుకవుతుందో చూడు. ఊళ్ళో బడిలో మీ మేడమ్‌కు నువ్వు తెలుసు, మీ అమ్మ తెలుసు, మీ ఇంట్లో ఆవు ఎప్పుడు ఈనిందో కూడా తెలుసు. నీ ముఖం చూసి అర్థమైందో లేదో కనిపెట్టేది. హైస్కూల్లో గంట కొట్టగానే ఒక సారు వెళ్తారు, ఇంకొకరు వస్తారు. కన్నడానికొకరు, ఇంగ్లీషుకొకరు, హిందీకొకరు, లెక్కలకొకరు. ఒక్కొక్కరికి నాలుగైదు సెక్షన్లు. నీ పేరు వాళ్ళకు గుర్తుండేసరికే వినాయక చవితి వస్తుంది. పక్కన కూర్చునే పిల్ల ఇంట్లో ఉర్దూ, వెనక పిల్ల ఇంట్లో కన్నడం, నీ ఇంట్లో తెలుగు. పుస్తకం కన్నడంలో. సారు ప్రశ్న వేస్తే జవాబు నీకు తెలుగులో తడుతుంది. దాన్ని కన్నడంలో కూర్చుకునే లోపల ఇంకెవరో చెప్పేస్తారు. రెండు మూడు సార్లు అట్లా జరిగితే నోరు తెరవాలనే అనిపించదు. దసరా సెలవులకు అది అలవాటవుతుంది, తొమ్మిదిలో గట్టిపడుతుంది. పదిలో ఎస్సెస్సెల్సీ వచ్చి నెత్తిన కూర్చున్నాక అమ్మానాన్నలు ట్యూషన్ల కోసం పరుగెత్తుతారు.

ఒక్క లెక్క తీసుకుందాం. ఒక సంఖ్యను మూడు రెట్లు చేసి, అందులోంచి 5 తీసేస్తే 16 వచ్చింది. ఆ సంఖ్యను 'ఎక్స్' అనుకుని బోర్డు మీద రాస్తారు. తర్వాతి వరుసలో 5 అటువైపు వెళ్ళి 16తో కలిసి 21 అవుతుంది. "అటు వెళ్తే మైనస్ ప్లస్ అవుతుంది" అంటారు. క్లాసంతా రాసుకుంటుంది, జవాబు 7 అని కింద రెండు గీతలు గీస్తుంది. ఎందుకు మారిందని అడిగే పిల్ల ఏ సెక్షన్లో చూసినా ఒకరో ఇద్దరో. అడిగిన పిల్లకు మాత్రం సారు ఆగి చెబుతారు: 5 ఎటూ వెళ్ళలేదు, రెండు వైపులా 5 కలిపాం, ఎడమ పక్క తీసివేసిన 5 దానితో సరిపోయింది, కుడి పక్క 16 కాస్తా 21 అయింది, అంతే. ఆ రెండు నిమిషాలతో ఆ పిల్లకు బీజగణితం చేతికొస్తుంది. అడగనివాళ్ళు పదో తరగతి దాకా గుర్తులు కంఠస్థం చేస్తూనే ఉంటారు, ఎక్కడ మార్చాలో ఎక్కడ మార్చకూడదో తెలియక ప్రతి పరీక్షలోనూ తడబడతారు. నవ్వుతారన్నావే, ఆ నవ్వే పిల్లల్లో సగం మందికి ఆ జవాబు తెలియదు తల్లీ. నువ్వు అడిగితే వాళ్ళకూ తెలుస్తుంది.

మన జిల్లా మనిషి ఒకాయన గురించి నీకు చెప్పాలి. హెచ్. నరసింహయ్యగారు. గౌరిబిదనూరు తాలూకా హోసూరులో 1920లో పుట్టారు. పేద ఇల్లు. ఊళ్ళో చదువు అయిపోయింది, పై చదువు కావాలంటే బెంగళూరు పోవాలి, బస్సుకు డబ్బులు లేవు. తనకు చదువు చెప్పిన హెడ్మాస్టరుగారు అప్పటికి బెంగళూరు బసవనగుడిలోని నేషనల్ హైస్కూలుకు వెళ్ళి ఉన్నారు. ఆయన మీద నమ్మకంతో 1935లో ఈ పిల్లాడు సుమారు 80 కిలోమీటర్లు నడిచి ఆ హైస్కూల్లో చేరాడు. ఆ నడక గురించే అందరూ చెప్పుకుంటారు. నాకైతే ఆ మరుసటి సంవత్సరం జరిగింది ఇంకా గొప్పగా తోస్తుంది. 1936లో గాంధీగారు ఆ హైస్కూలుకు వచ్చి హిందీలో మాట్లాడితే, దాన్ని కన్నడంలోకి చెప్పే పని ఈ పల్లెటూరి కుర్రాడికే దక్కింది. అంత జనంలో, అంత పెద్ద మనిషి పక్కన నిలబడి నోరు తెరిచాడు. పట్నానికి వచ్చిన కొత్తలో, ఎవరైనా నవ్వుతారేమోనని మూల కూర్చుని ఉంటే ఆ పని ఆయన దాకా వచ్చేదే కాదు.

తర్వాత ఆయన 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు వెళ్ళారు. ఫిజిక్సు చదివి అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో డాక్టరేటు తెచ్చుకున్నారు. బెంగళూరు యూనివర్సిటీ వైస్ చాన్సలర్ అయ్యారు. 1976లో మహిమలనూ మూఢనమ్మకాలనూ శాస్త్రీయంగా పరీక్షించేదానికి ఒక కమిటీ వేసి పెద్ద దుమారమే ఎదుర్కొన్నారు. దేన్నైనా ప్రశ్నించి చూడకుండా ఒప్పుకోవద్దని పిల్లలకు చివరి దాకా చెబుతూనే వచ్చారు. అంత చదివీ ఆయన కాపురం నేషనల్ కాలేజి హాస్టల్లో ఒక గదిలోనే. గౌరిబిదనూరులోనూ మన బాగేపల్లిలోనూ నేషనల్ కాలేజీలు ఆయన పూనికతో వచ్చినవే. రేపు నువ్వు దిగబోయే ఊళ్ళో ఆ కాలేజి ఉందని గుర్తుపెట్టుకో.

ఇంకొక మాట. ఇంట్లో తెలుగు మాట్లాడతామని బడిలో చిన్నబోవద్దు, దాచుకోవద్దు. మన చింతామణి తాలూకా కైవారంలో గాజులమ్ముకుని బతికిన నారాయణ తాతయ్య తెలుగులోనూ పాడాడు, కన్నడంలోనూ పాడాడు. పేరుపొందిన ఇంజనీరు, ముద్దేనహళ్ళి విశ్వేశ్వరయ్యగారి పూర్వీకులది ఆంధ్రలోని మోక్షగుండం. ఆయన చిక్కబళ్ళాపురంలో చదివి, బెంగళూరు వెళ్ళి, పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ ఆ సంపాదనతో కాలేజి చదువు సాగించి 1881లో బీఏ అయ్యారు. రెండు భాషల మధ్య పెరగడం ఈ నేలలో కొత్తేమీ కాదు. కన్నడం బాగా నేర్చుకో, అది నీ బడి భాష, నీ రాష్ట్ర భాష. ఎస్సెస్సెల్సీలో మొదటి భాషకే 125 మార్కులు. ఇంట్లో మాత్రం ప్రతి సాయంత్రం ఆ రోజు పాఠాల్లో ఏదో ఒకటి మీ అమ్మకు తెలుగులో చెప్పు. మీ అమ్మ టమోటాలు ఏరుతూ ఉన్నా సరే, పురుగులకు ఆకు వేస్తూ ఉన్నా సరే, పక్కన కూర్చుని చెప్పు. చెబుతూ చెబుతూ ఎక్కడ ఆగిపోయావో అక్కడ నీకు అర్థం కానట్టు. ఆ చోటు పుస్తకంలో పెన్సిలుతో గుర్తు పెట్టుకుని తెల్లారి సారును అడుగు. క్లాసులో అడిగేదానికి బెరుకైతే, మొదట్లో స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడి అడుగు. అదీ కష్టమైతే కాగితం మీద రాసి ఇవ్వు. ఎట్లాగైనా అడుగు.

ఇక అమ్మాయీ, అల్లుడూ, ఇది మీకు.

పిల్ల పాఠం చెబుతుంటే "మాకేం తెలుసు, మేం చదువుకున్నామా" అనకండి. ఆ మాటతో పిల్ల నోరు మూతపడుతుంది. మీకు తెలియనక్కర్లేదు, వినండి చాలు. "అదెందుకట్లా?" అని ఒక్క ప్రశ్న వేయండి.

ఎనిమిదిలో ఇంగ్లీషు మీడియం సెక్షన్లో వేద్దామా అని అల్లుడు అడిగాడు. నా మాట నిక్కచ్చిగా చెబుతాను. ఏడు తరగతులు కన్నడంలో చదివిన పిల్లను, పక్కింటివాళ్ళు వేశారని, ఒక్కసారిగా లెక్కలూ సైన్సూ సమాజం అన్నీ ఇంగ్లీషులో చదవమంటే, ముందే బెదిరిన పిల్ల పూర్తిగా మూగబోతుంది. ఇంగ్లీషు రావాలి, అందులో నాకు రెండో మాట లేదు. దానికి రోజూ ఒక పేజీ పైకి చదివించండి. ఆ పైన ఆమెకే ఇష్టమై, ఏడో తరగతి పుస్తకంలోని సైన్సు పాఠం ఒకటి ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పగలిగితే అప్పుడు వేయండి. పిల్లను అడగకుండా మీరిద్దరే తేల్చేయకండి.

మీ షెడ్డులో చూస్తూనే ఉంటారు కదా, పట్టుపురుగు పొర విడిచే నాలుగు జ్వరాలు దాటితే గాని గూడు కట్టదు. జ్వరంలో పడ్డ పురుగు తల పైకెత్తి కదలక మెదలక ఉంటుంది, ఆకు ముట్టదు. అప్పుడు ఆకు మీద ఆకు వేస్తే తట్ట చెడిపోతుందని మీకు నేను చెప్పనక్కర్లేదు. పొర విడిచి లేచాక అంతకు ముందుకంటే ఎక్కువ మేస్తుంది. ఎనిమిదో తరగతి మొదటి మూణ్ణెల్లు పిల్లకు అటువంటి కాలం. మొదటి పరీక్షలో మార్కులు తగ్గితే గోల చేయకండి, వెంటనే ట్యూషన్లో పడేయకండి. జవాబు పత్రం తెచ్చి పక్కన పెట్టుకుని, ఏ ప్రశ్న అర్థం కాలేదో అడగండి. బడివాళ్ళు పిలిచిన మీటింగుకు ఇద్దరూ వెళ్ళండి. పొలం నుంచి నేరుగా వెళ్ళినా తప్పు లేదు. అక్కడ వెనక బెంచీలో కూర్చుని లేచి రాకండి. మీరు సారుతో నిలబడి మాట్లాడటం పిల్ల చూడాలి. పెద్దవాళ్ళు అడగని ఇంట్లో పిల్లలకు అడగడం ఎక్కడ వస్తుంది?

బస్సు సంగతి. 2023 జూన్ 11 నుంచి కర్ణాటకలో ఆడవాళ్ళకూ ఆడపిల్లలకూ సర్కారు మామూలు బస్సుల్లో టికెట్టు లేదు, కాబట్టి చార్జీలు దండగ అనే మాట ఇక ఎవరూ అనేదానికి లేదు. పొద్దున బస్సు వేళ బడి గంటకు కుదరకపోతే, ఊళ్ళో నలుగురు తండ్రులు కలిసి డిపోకు అర్జీ ఇవ్వండి. నెలసరి మొదలైతే బడి మానిపించవద్దు. తల్లీ, ఆ రోజుల్లో ఏం కావాలన్నా టీచరమ్మనడుగు, సిగ్గుపడొద్దు. ఫోను రాత్రి తొమ్మిది తర్వాత పిల్ల చేతిలో ఉండకూడదు, మీ చేతిలోనూ ఉండకూడదు.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. 2009 విద్యాహక్కు చట్టం పద్నాలుగేళ్ళ దాకానే పిల్లను బడిలో నిలుపుతుంది. ఆ తర్వాత నిలిపేది మీరే. తొమ్మిదిలోకి రాగానే మన వైపు బంధువులు సంబంధాల మాటలు మొదలుపెడతారు. పద్దెనిమిది నిండేదాకా ఆ మాట నట్టింట్లోకి రానివ్వకండి. ఎవరైనా బలవంతం చేస్తే, తల్లీ, 1098కు ఫోను చేసే హక్కు నీకుంది. ఆ నంబరు నీ పుస్తకం మొదటి పేజీలో రాసుకో.

డబ్బు సంగతి కూడా చెబుతాను. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిది చదివే పిల్లలకు కేంద్ర ప్రభుత్వం ఎన్ఎంఎంఎస్ అని స్కాలర్‌షిప్పు ఇస్తుంది, దానికి ఒక పరీక్ష ఉంటుంది. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు, ఏడో తరగతిలో 55 శాతం వచ్చి ఉండాలి. ఎంపికైతే తొమ్మిది నుంచి సెకండ్ పీయూసీ దాకా ఏటా 12,000 రూపాయలు పిల్ల ఖాతాలోకే వస్తాయి. రెండు పేపర్లు. ఒకటి బుద్ధిని పరీక్షించేది, రెండోది లెక్కలు, సైన్సు, సమాజం. ఈ పరీక్ష సంగతి తెలియకనే మన పల్లెల్లో ఎంతోమంది పిల్లలు పోగొట్టుకుంటున్నారు. చేరిన వారంలోనే హెడ్మాస్టరుగారిని నువ్వే అడుగు, ఈ ఏడు అర్జీలు ఎప్పుడు పెట్టాలని. నువ్వు హైస్కూల్లో అడిగే మొదటి ప్రశ్న అదే కానీ. లెక్కల పేపరుకు నేను ప్రతి ఆదివారం ఫోనులో కూర్చోబెడతాను.

అల్లుడూ, బడి తెరిచేలోపు నాడకచేరిలో కుల, ఆదాయ పత్రాలు తీసిపెట్టు. పిల్ల పేరుతో బ్యాంకు ఖాతా తెరిచి ఆధార్‌తో కలిపించు. టీసీలో, ఆధార్‌లో, పాస్‌బుక్కులో పేరూ ఇంటిపేరూ ఒక్క అక్షరం తేడా లేకుండా ఉన్నాయా చూడు. మన తెలుగు పేర్లు కన్నడంలో ఒకరకంగా, ఇంగ్లీషులో ఒకరకంగా ఎక్కుతుంటాయి. తేడా ఉంటే పాత బడి హెడ్మాస్టరు దగ్గర ఇప్పుడే సరిచేయించు, ఎస్సెస్సెల్సీ కార్డులో ఎక్కాక సరిచేసుకోవడం కష్టం.

ఇట్లు,
మీ అవ్వ