నాన్నగారింటికి నెట్టు

నిరుడు సంక్రాంతికి పాలకొల్లు వెళ్తూ బ్యాగులో రెండు చీరలు, ఒక పంచెల చాపు, ఒక కెమెరా పెట్టుకున్నాను. చీరల సంగతీ పంచెల సంగతీ ఇంట్లో ముందే చెప్పాను. కెమెరా సంగతి చెప్పలేదు.

పండగ పేరుతో వెళ్ళానే గానీ అసలు పని ఇంటికి ఇంటర్నెట్ పెట్టించడం. అమ్మ అప్పటికే పక్కింటావిడతో, "మా అమ్మాయి మాకు నెట్టు పెట్టిస్తోందండీ" అని చెప్పేసుకుంది.

హైదరాబాదులోనే కూర్చుని మూడు కంపెనీల ప్లాన్లు కాగితం మీద రాసుకున్నాను. నెలకెంత, దాని మీద 18 శాతం జీఎస్టీ ఎంత, ఆర్నెల్లది ఒకేసారి కడితే ఎంత తగ్గుతుంది. నాన్న ఆ కాగితం చూడనేలేదు. "మన కేబులబ్బాయి ఉండగా వేరేవాళ్ళెందుకమ్మా?" అన్నాడు. ఆ అబ్బాయికి యాభై దాటాయి. నా చిన్నప్పుడు మా వీధి డాబాల మీదుగా టీవీ వైరు లాగింది అతనే. ఇప్పుడు ఫైబర్ లాగుతున్నాడు.

మా వైపు ఇది కొత్త కాదు. నరసాపురం దగ్గర గోదావరి దాటితే సఖినేటిపల్లి. ఆ మండలంలో మోరి అనే ఊళ్ళో 2016 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ కనెక్షన్లు ఇచ్చినప్పుడు, నెలకి 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోను అంటే పేపర్లన్నీ రాశాయి. భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగారు. స్తంభం దగ్గర్నుంచి ఇంట్లోకి తెచ్చే పని మాత్రం ఊళ్ళోని కేబుల్ ఆపరేటర్లదే. అంటే ఎంత పెద్ద పథకమైనా చివరికి గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికొచ్చేది తెలిసిన మనిషే.

ఆ తెలిసిన మనిషిని నేనడిగిన మొదటి ప్రశ్న, "అప్‌లోడ్ ఎంతొస్తుందండీ?"

ఆయన కాస్త తెల్లబోయాడు. "ఇక్కడెవరూ అది అడగరండీ. సినిమా ఆక్కుండా వస్తదా అని అడుగుతారు" అన్నాడు.

నిజమే. టెలిఫోన్ తీగల మీద వచ్చిన పాత బ్రాడ్‌బ్యాండ్ పేరు ఏడీఎస్ఎల్. అందులో మొదటి అక్షరానికి అర్థమే 'అసమానం' అని. ఇంట్లోవాళ్ళు తెచ్చుకునేది ఎక్కువ, పంపేది తక్కువ అనే లెక్క మీద దాన్ని తయారు చేశారు. ఫైబర్‌కి ఆ ఇరుకు లేదు, చాలా ప్లాన్లలో రెండు వైపులా ఒకే స్పీడు. కానీ నాన్న చూసే పాత సినిమాలు, అమ్మ వినే ప్రవచనాలు అన్నీ వచ్చేవే. ఆ ఇంట్లోంచి రాత్రీపగలూ ఆగకుండా బయటికి వెళ్ళాల్సింది ఒక్కటే, నా కెమెరా చూపించే బొమ్మ. వాళ్ళకని చెప్పి నేను ఎంచుకుంటున్న కనెక్షను ఎవరి అవసరానికో ఆ ఒక్క ప్రశ్నలోనే తెలిసిపోతోంది. నాకు మాత్రం అప్పుడు తట్టలేదు.

మర్నాడు ఆయన బండి మీద ఫైబర్ అతికించే మిషను తెచ్చాడు. దారం లాంటి గాజుపోగుని శుభ్రం చేసి, అతికించి, మీటరు పెట్టి చూపించాడు: మైనస్ 19. సున్నాకి దగ్గరగా ఉంటే మంచిదట, మైనస్ 27 దాటితే తిప్పలేనట. రౌటర్ ఇంటి మధ్యలో, ఎత్తున ఉంటే మేలన్నాడు. మా ఇంటి మధ్యలో ఎత్తున ఉన్నది దేవుడి అలమర. అమ్మ చూసిన చూపుకి ఆ చర్చ అక్కడితో ఆగింది. చివరికి హాల్లో టీవీ పక్కన పెట్టాం. పాతకాలం గోడలు కదా, 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ పెరటి వరండా దాకా పోదు, 2.4 అయితే ఏదో అందుతుంది. నాన్న పొద్దస్తమానం కూర్చునేది ఆ వరండాలోనే. కెమెరా పెట్టిన హాల్లో మాత్రం సిగ్నల్ నిండుగా ఉంది. ఫైబర్‌కి కరెంటు అక్కర్లేకపోయినా డబ్బాకి కావాలి కాబట్టి, 12 వోల్టుల చిన్న యూపీఎస్ కూడా కొన్నాను. "కరెంటు పోయినా కెమెరా పనిచేస్తుంది" అని గొప్పగా చెప్పాను. వాళ్ళు కెమెరాని చూడడం అప్పుడే.

నా భయం ఉత్తిది కాదు. అంతకుముందు వానాకాలం అమ్మ పెరట్లో జారిపడింది. నాకు తెలిసింది మర్నాడు.

మేలో ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఫోన్ తెరిచి చూస్తే, అంత ఉక్కలోనూ నాన్న హాల్లో చొక్కా వేసుకుని కూర్చున్నాడు. ఎండాకాలం ఇంట్లో ఆయన ఒంటి మీద చొక్కా నేనెప్పుడూ చూడలేదు. ఫోన్ చేసి అడిగితే, "నువ్వు ఆఫీసులో తెరుస్తావు కదమ్మా, పక్కన ఎవరైనా ఉంటారేమోనని" అన్నాడు.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం తీర్పు చెప్పింది. ఆ కేసు వేసిన పుట్టస్వామి రిటైర్డ్ హైకోర్టు జడ్జి, వేసేనాటికే ఎనభై దాటిన మనిషి. ఆ తీర్పుని పొగుడుతూ ఫేస్‌బుక్‌లో పోస్టు పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. ప్రభుత్వం మన ఇంట్లోకి తొంగిచూస్తే తప్పని సులువుగానే ఒప్పుకుంటాం. ప్రేమతో తొంగిచూస్తే? ముసలివాళ్ళు పడిపోతే ఎవరు చూస్తారనే వాదన బలమైనదే, నేను కొట్టిపారెయ్యను. కానీ ఆ వాదన వాళ్ళ ముందు పెట్టి వాళ్ళ మాట వినాల్సింది. నేను మేకు కొట్టాక చెప్పాను. విజయవాడ హాస్టల్లో ఉన్నప్పుడు రోజూ ఎనిమిదింటికి కాయిన్ బాక్సు నుంచి ఫోన్ చెయ్యమంటే, నా మీద నమ్మకం లేదా అని నాన్నతో వారం రోజులు మాట్లాడలేదు నేను.

జూన్‌లో ఒకరోజు స్క్రీనంతా ఎర్రగా కనిపించింది. కెమెరా మీద తువ్వాలు. కోపంగా ఫోన్ చేశాను.

"భయమేస్తే ఫోన్ చెయ్యమ్మా. మేం ఎత్తకపోతే కేబులబ్బాయికి చెయ్యి, రెండు నిమిషాల్లో వచ్చి చూస్తాడు" అన్నాడు నాన్న. ఆయన నంబరు నా దగ్గర లేదు. బిల్లు యాప్‌లోనే కట్టేస్తున్నాను మరి. నాన్న ఒక్కొక్క అంకే చెబుతుంటే రాసుకున్నాను.

దసరాకి వెళ్ళినప్పుడు ఆయన్ని పిలిచి వరండాలోకి వైరు లాగించి ఇంకో రౌటర్ పెట్టించాను. నాన్న ఇప్పుడు అక్కడే బనీను కూడా లేకుండా కూర్చుని, మా ఊరి అల్లు రామలింగయ్య కామెడీ చూసుకుంటున్నాడు. కెమెరా అలమరలో, దాని అట్టపెట్టెలోనే ఉంది. ఫోన్‌లో నా గొంతు తేడాగా ఉన్నప్పుడల్లా అమ్మ అడుగుతుంది, "మళ్ళీ పెట్టమంటావేమిటే?" అని. వద్దని నోటితో ఇంకా ఒక్కసారీ అనలేదు నేను.