పట్టుబడని వీరుడు

జగదల్‌పూర్‌లో గోల్‌బజార్ మాట వస్తే అక్కడి పెద్దలు ఒక చింతచెట్టును తలచుకుంటారు. 1910లో బస్తర్ సంస్థానంలో చెలరేగిన భూంకాల్ తిరుగుబాటు నాయకులలో ఒకడైన డెబ్రీధుర్‌ను ఆ చెట్టుకే ఉరితీశారని నగరంలో చెప్పుకుంటారు. ఏటా ఫిబ్రవరి 10న భూంకాల్ స్మృతిదినం జరుపుతారు. అటువంటి ఒక స్మృతిదినం నాటి సాయంత్రం, ఆ బజారులోనే టీ తాగుతూ నిలబడి ఉండగా, పక్క బల్లమీద కూర్చున్న నలుగురు కళాశాల విద్యార్థుల సంభాషణ నా చెవిన పడింది. ఏదో అమెరికా చిత్రంలోని అతిమానవ వీరుని గురించి వాదించుకుంటున్నారని మొదట అనుకున్నాను. అతని శక్తికి హద్దు ఎక్కడ, ఎగరగలవాడు అడవిలో నడవవలసిన అవసరమేమిటి, తూటా తగలనివాడు దాగడమెందుకు అన్న ధోరణిలో సాగుతున్నాయి మాటలు. వారు గుండాధుర్ గురించి మాట్లాడుకుంటున్నారని కొంతసేపటికి గాని నాకు తెలియలేదు.

వారిలో ఒకడు అడిగాడు: "గుండాధుర్‌కు ఎగిరే శక్తి ఉంటే ఆ రోజు ఈ చెట్టు దగ్గరికి ఎందుకు రాలేదు?" మిగిలిన ముగ్గురూ తలా ఒక సమాధానం చెప్పారు. అప్పటికి మంత్రబలం తరిగిపోయిందని ఒకరు, వచ్చి ఉంటే తెల్లదొరలు మరిన్ని ఊళ్ల మీద పడేవారని ఒకరు, అసలు గుండాధుర్ ఒక మనిషి కాదు, ఎందరో ధరించిన పేరని మరొకరు. ప్రశ్న వేసిన కుర్రవానికి ఏదీ తృప్తినిచ్చినట్టు కనిపించలేదు. నాకూ ఇవ్వలేదు.

వీరుని కథలో కర్త చెప్పకుండా విడిచిన చోట్లను శ్రోత తన ఊహతో పూరించుకోవడం కొత్త అలవాటు కాదు. మన కాలంలో దానికి పెద్ద నిదర్శనం తెలుగుదేశంలోనే దొరికింది. 2015 జూలై 10న విడుదలైన 'బాహుబలి' మొదటి భాగం, కట్టప్ప తన ప్రభువును ఎందుకు చంపాడన్న ప్రశ్నతో ముగిసింది. జవాబు తెలియడానికి 2017 ఏప్రిల్ 28 దాకా ఆగవలసి వచ్చింది. ఆ మధ్యకాలంలో ఆ ప్రశ్నకు సమాధానం ఊహించని తెలుగిల్లు ఉన్నదా అని సందేహం. మాట తప్పని సేవకుడు ద్రోహి ఎలా అయ్యాడన్నది జనం దృష్టిలో కేవలం కథకు సంబంధించిన చిక్కు కాదు, ధర్మసూక్ష్మం. మహాభారతం విని పెరిగిన జాతికి ఆ చర్చ సహజమే. పాశ్చాత్యులలోనూ ఈ హక్కును పాఠకులు గట్టిగానే వాడుకున్నారు. 1893లో కానన్ డాయిల్ తన అపరాధ పరిశోధకుడు షెర్లాక్ హోమ్స్‌ను జలపాతంలో పడవేసి కథ ముగిస్తే పాఠకులు ఒప్పుకోలేదు. పదేళ్లకు, 1903లో, రచయిత అతన్ని బ్రతికించి తీసుకురాక తప్పలేదు.

ఇవన్నీ ప్రమాదం లేని వినోదాలు. ఊహ తప్పితే పోయేది టిక్కెట్టు డబ్బు, లేదా మిత్రులముందు మాట. బస్తర్‌లో అలా కాదు.

1905లో బ్రిటిష్ ప్రభుత్వం బస్తర్ అడవిలో మూడింట రెండు వంతులను రిజర్వు చేయాలని ప్రతిపాదించింది. పోడు వ్యవసాయం, వేట, అటవీ ఫలసేకరణ ఆగిపోవలసిన స్థితి. అంతకుముందే 1899-1900లో ఘోరమైన కరవు, మళ్లీ 1907-08లో మరొకటి. వీటికి తోడు పెరిగిన పన్నులు, అధికారులకు చేయవలసిన వెట్టి. 1910లో మామిడి కొమ్మలు, మట్టిబెడ్డ, మిరపకాయలు, బాణాలు ఊరినుండి ఊరికి చేతులు మారాయి. అవే ఆహ్వానపత్రాలు. బజారులు దోచారు, అధికారుల ఇళ్లు, వర్తకుల ఇళ్లు, ఠాణాలు, బడులు తగలబెట్టారు, ధాన్యం పంచుకున్నారు. సంస్థానాన్ని తిరిగి అదుపులోకి తెచ్చుకోవడానికి ప్రభుత్వ సేనలకు ఫిబ్రవరి నుండి మే దాకా మూడు నెలలు పట్టింది. ఆదివాసీ నాయకులు సంప్రదింపులకు ప్రయత్నించగా వారి విడిదులను చుట్టుముట్టి కాల్చారు. ఆపైన ఊరూరా తిరిగి కొరడా దెబ్బలు కొట్టారు. జనం ఊళ్లు విడిచి అడవిలోకి పోయారు. అయినా రిజర్వు పని తాత్కాలికంగా ఆగింది, రిజర్వు చేయదలచిన విస్తీర్ణం అనుకున్నదానిలో దాదాపు సగానికి తగ్గింది. నేతానార్ గ్రామానికి చెందిన గుండాధుర్ మాత్రం ప్రభుత్వానికి చిక్కలేదు.

ఆ గుండాధుర్ గురించి జనం చెప్పుకున్న కథలు వింటే నేటి చిత్రనిర్మాతలు అసూయపడతారు. అతడు ఎగరగలడు. అతనికి తోక ఉంది. దొరలు తుపాకులు పేలిస్తే మంత్రం వేసి తూటాలను నీరు చేస్తాడు. 1938లో అమెరికా బాలల పత్రికలో పుట్టిన సూపర్‌మాన్ ఛాతీకి తగిలి తూటాలు వెనుకకు పోయేవి. బస్తర్‌లోని ఊహ అంతకంటే సున్నితమైనది, తూటా తిరిగి వెళ్లి ఎవరికీ తగలదు, నీరై నేలలో ఇంకిపోతుంది. ఈ ఊహ బస్తర్‌కే పరిమితం కాదు. 1899-1900లో ఛోటానాగపూర్‌లో బిర్సా ముండా అనుచరులూ ఇదే నమ్మారు. 1905లో తూర్పు ఆఫ్రికాలో జర్మన్ పాలనపై జరిగిన మాజీ మాజీ తిరుగుబాటుకు ఆ పేరే దీనినుండి వచ్చింది, స్వాహిలీ భాషలో 'మాజీ' అంటే నీరు. ఒకరినొకరు ఎరుగని జాతులు, తుపాకి ఎదుట నిలబడినప్పుడు, ఒకే కల కన్నాయి.

ఆ కలను మూఢనమ్మకమని కొట్టివేయడం సులభం. విల్లంబులవాడు తుపాకి ముందుకు నడవాలంటే మనసులో ఏదో ఒక కవచం కావాలి. ఆ మాట నేను ఒప్పుకుంటాను. నా అభ్యంతరం వేరు. తూటా నీరు కాలేదని తెలిసిన తరువాత కథ ఏమంటుంది? నియమం తప్పినవాడు ఎవడో ఉన్నాడంటుంది, నమ్మకం చాలనివాడు ఎవడో ఉన్నాడంటుంది. మంత్రం ఎన్నడూ ఓడిపోదు కనుక ఓటమికి చచ్చినవాడే బాధ్యుడవుతాడు. తుపాకి పేల్చినవాని నేరం, పడిపోయినవాని లోపంగా మారిపోతుంది. వీరుని శక్తిని కాపాడటానికి మృతుని పరువు తీసే కథ ఇది. దీనిని అన్యాయమనక తప్పదు.

శంకించినవానిదే తప్పు అనే కథ బస్తర్‌లో అంతకుముందూ ఉంది, అది మన కాకతీయులకు సంబంధించినది. 1323లో ఓరుగల్లు పతనమయ్యాక ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఈ అడవులకు వచ్చి రాజ్యం స్థాపించాడని బస్తర్ రాజవంశ కథనం. దంతేశ్వరీదేవి అతని వెంట నడిచింది, వెనుకకు తిరిగి చూడరాదన్నది షరతు. శంఖిని, డంకిని నదుల సంగమం దగ్గర అందెలు ఇసుకలో కూరుకుని సవ్వడి ఆగితే, రాజు శంకించి తిరిగి చూశాడు. దేవి అక్కడే నిలిచిపోయింది. రాజు శంకిస్తే రాజ్యానికి ఎల్ల ఏర్పడింది, అంతే. భూంకాల్‌లో సామాన్యుడు శంకించాడన్న నింద మాత్రం అతని శవం మీద పడింది. ఒకే కథాసూత్రం రాజుకొక తీర్పు, ప్రజకొక తీర్పు చెప్పడం గమనించదగ్గది.

ఇక 'పట్టుబడలేదు' అన్న కథ. పైకి ఇదీ వీరుని మహిమనే చెబుతున్నట్టు ఉంటుంది. కొంచెం ఆలోచిస్తే దీనిలో మంత్రం లేదు. నెలల తరబడి సైన్యం గాలించినా ఒక మనిషి దొరకలేదంటే అతనికి గంజి పోసినవారు, దారి చూపినవారు, దెబ్బలు తిని నోరు విప్పనివారు ఎందరో ఉండాలి. వారి పేర్లు ఏ దస్త్రంలోనూ ఉండవు, ఉండకపోవడమే వారి విజయం. ప్రభుత్వపు కాగితంలో 'దొరకలేదు' అని రాసి గీత గీసిన చోట జనం కథ మొదలవుతుంది. ఉద్యోగధర్మంగా దస్త్రాలు చదివేవారికి ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు. కాగితం ముగిసిన తరువాత మిగిలిన ఖాళీ ఎవరిదన్నది న్యాయంగా అడగవలసిన ప్రశ్న. నా ఉద్దేశంలో అది ఆ దెబ్బలు తిన్నవారిది. గుండాధుర్ ఒక్క మనిషి కాడన్న ఆ విద్యార్థి వాదన కూడా ఈ ఖాళీలోనే పుట్టింది. తిరుగుబాటుకు ఏకైక నాయకుడు లేడని చరిత్రకారులు అంటారు కనుక అది పూర్తిగా నిరాధారమైన ఊహ కాదు. నాకు మాత్రం అది కొంత అతిగా తోస్తుంది, నేతానార్ అనే ఊరు ఉంది, ఆ ఊరివారికి తమ మనిషి ఉన్నాడు.

ఖాళీని జనం కాక మరొకరు ఆక్రమిస్తే ఏమవుతుందో కూడా బస్తర్ చూసింది. సంస్థానపు చివరి పాలకుడు ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్ 1966 మార్చి 25న జగదల్‌పూర్ రాజభవనంలో పోలీసు కాల్పులలో మరణించారు. ఆయనతోపాటు పలువురు ఆదివాసులూ మరణించారు. రాజు చనిపోలేదన్న మాట అడవిలో పాకింది. కొన్నేళ్లకు, 1970లలో, బిహారీదాస్ అనే సాధువు తానే ప్రవీర్‌నన్న ప్రచారంతో వచ్చి వేలాదిమందికి కంఠీమాలలు వేయించాడు, మద్యమాంసాలు మాన్పించాడు. దుఃఖంలో ఉన్న జనం కల్పించుకున్న ఊహను ఒక మనిషి తొడుక్కున్నాడు. అప్పటినుండి అది జనం ఊహ కాదు, అతని ఆజ్ఞ.

మన అల్లూరి సీతారామరాజు విషయంలోనూ ఇటువంటి మాట చాలాకాలం నడిచింది. 1924 మే 7న కొయ్యూరు దగ్గర ఆయనను కాల్చి చంపారు, కృష్ణదేవిపేటలో సమాధి ఉంది. అయినా చనిపోయినది ఆయన కాదనీ, ఎక్కడో సన్యాసిగా ఉన్నారనీ దశాబ్దాలపాటు చెప్పుకున్నారు. అదే పోరాటంలో పట్టుబడి, అండమాన్ జైలులో మగ్గి, 1952లో లోక్‌సభకు ఎన్నికైన గాం మల్లుదొర మన కళ్లెదుటే బ్రతికి ఉన్నాడు. బ్రతికినవానిని అడగడం మాని, పోయినవాడు బ్రతికాడా అని వాదించుకున్నాం. 2022 మార్చి 25న వచ్చిన 'ఆర్ఆర్ఆర్' చిత్రం సీతారామరాజునూ, 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన గోండు వీరుడు కొమరం భీమ్‌నూ స్నేహితులను చేసింది. ఇద్దరి జీవితాలలోనూ ఎక్కడున్నారో తెలియని కాలం కొంత ఉందని, అక్కడ తాను కథ అల్లానని దర్శకుడు రాజమౌళి చెప్పారు. కల్పన అని ముందే చెప్పిన కల్పనను తప్పుపట్టలేము. తెరమీద ఒంటిచేత్తో సైన్యాన్ని ఎదిరించిన భీమ్‌ను చూసి వచ్చిన పిల్లవాడికి, జోడేఘాట్‌లో ఆయనతోపాటు మరికొందరు గోండులు చనిపోయారని చెప్పే బాధ్యత ఎవరిదన్నది మాత్రం మిగిలి ఉంది.

ఈ బాధ్యతను ఒకసారి ఒక నటుడు తన మీద వేసుకున్నాడు. 1997లో దూరదర్శన్‌లో మొదలైన 'శక్తిమాన్' ధారావాహికను చూసి, ఆపదలో శక్తిమాన్ వచ్చి రక్షిస్తాడని పిల్లలు ప్రమాదాలకు ఎదురెళ్లారన్న వార్తలు వచ్చినప్పుడు, పాత్రధారి ముఖేష్ ఖన్నా తెరమీదనే అటువంటి పనులు చేయవద్దని పిల్లలకు చెప్పవలసివచ్చింది. వీరుడు తానే 'నేను రాలేను' అని చెప్పిన సందర్భాలు మన కథలలో అరుదు. ఆ మాట వల్ల శక్తిమాన్ మీద పిల్లలకు అభిమానం తగ్గినట్టు నేనెరుగను.

గోల్‌బజార్ కుర్రవాని ప్రశ్న అటువంటి మాట కోసమే. అతడు గుండాధుర్‌ను తక్కువ చేయలేదు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం క్రీడారంగంలో ఇచ్చే పురస్కారానికి గుండాధుర్ పేరు పెట్టింది, ఆ పేరు వింటే అతని కళ్లలో వెలుగు నేను చూశాను. అతనికి తెలియవలసినది డెబ్రీధుర్ విషయం. వీరుని శక్తి ఎంత పెంచితే, అతడు రానందుకు అంత పెద్ద కారణం చెప్పవలసివస్తుంది, ఆ కారణాల బరువంతా చెట్టుకు వేలాడినవాని మీద పడుతుంది. మిత్రులిచ్చిన మూడు సమాధానాలలోనూ గుండాధుర్ ఉన్నాడు, డెబ్రీధుర్ ఒక్కదానిలోనూ లేడు.

నేను గ్లాసు తిరిగి ఇస్తున్నప్పుడు, అంతవరకు మాట్లాడని టీ దుకాణం ముసలాయన కుర్రవాళ్లవైపు తిరిగి హల్బీలో ఏదో అన్నాడు. నాకు అర్థం కాక అడిగితే హిందీలో మళ్లీ చెప్పాడు.

"వచ్చాడు బాబూ. జనంలో నిలబడ్డాడు. ఎవరూ గుర్తుపట్టలేదు."

ప్రశ్న వేసిన కుర్రవాడు వెంటనే అడిగాడు: "డెబ్రీధుర్ గుర్తుపట్టాడా?"

ముసలాయన పొయ్యిమీద పాలు పొంగకుండా గరిటెతో కలుపుతూ కొంచెంసేపు ఆలోచించాడు.

"పట్టే ఉంటాడు," అన్నాడు. "చెప్పలేదు."