ఇంజిన్ ఇంకా తిరుగుతుండగానే

సముద్రం మీద ఇంజిన్ పూర్తిగా ఆగిపోయాక చిన్న విమానం పైలట్‌కు సందేహాలు పెద్దగా మిగలవు. వేగం పడిపోకుండా చూసుకుంటూ గాలిలో జారాలి, రేడియోలో ఆపద కబురు పంపాలి. తలుపు ఇరుక్కుపోకుండా ముందే గడియ తీసి ఉంచాలి. అలలకు ఎదురెళ్లకుండా వాటి బారుకు సమాంతరంగా దిగాలి. లైఫ్ జాకెట్‌లో గాలి బయటపడ్డాకే నింపాలి. లోపలే నింపితే, నీళ్లు కమ్ముకున్నప్పుడు మనిషి పైకప్పుకు అతుక్కుపోతాడు. నన్ను వెంటాడేది అంతకు ముందరి ఘట్టం. ఇంజిన్‌కు జబ్బు చేసింది, అయినా తిరుగుతూనే ఉంది. అప్పుడేం చేయాలి?

1919 మే 18న పైలట్ హ్యారీ హాకర్, నావిగేటర్ మెకెంజీ గ్రీవ్‌తో కలిసి న్యూఫౌండ్‌లాండ్‌లో బయల్దేరాడు. ఒంటి ఇంజిన్ సాప్‌విత్ విమానం. ఆగకుండా అట్లాంటిక్ దాటినవారికి డైలీ మెయిల్ పత్రిక 10,000 పౌండ్లు ప్రకటించి ఉంది. గాలి నిరోధం తగ్గాలని, పైకి లేవగానే చక్రాల చట్రాన్ని కూడా జారవిడిచారు. రాత్రయ్యాక ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లు మరగసాగాయి. వాటి దారిలో ఏదో అడ్డుపడినట్టు తోచింది. హాకర్ ఇంజిన్ తగ్గించి, విమానాన్ని కిందికి దించి చల్లార్చాడు. మళ్లీ మరిగాయి. మరిగినకొద్దీ నీళ్లు తరిగిపోతున్నాయి.

ఇంజిన్ తిరుగుతుండగానే అతను ఐర్లాండ్‌ను వదులుకుని ఓడల దారి వైపు మళ్లాడు. దాదాపు రెండు గంటలు అటూ ఇటూ వెతికితే 'మేరీ' అనే డేనిష్ ఓడ కనిపించింది. వెలుగు గుళ్లు పేల్చి, దాని ముందు నీళ్లలో దించాడు. నీళ్లకు తగులుకుని విమానాన్ని తలకిందులు చేసే చక్రాలు లేకపోవడం అప్పుడు కలిసొచ్చింది. ఇద్దరూ బతికారు. మేరీలో వైర్‌లెస్ లేదు. వారం పాటు లోకమంతా వాళ్లు పోయారనుకుంది, బ్రిటన్ రాజు సంతాపం కూడా పంపాడు. హాకర్ భార్య మ్యూరియల్ మాత్రం నమ్మలేదు. 25న స్కాట్లండ్ తీరం దగ్గర ఓడ జెండాలతో కబురు చెప్పింది.

ఆ మలుపు దగ్గరే నా మనసు ఆగిపోతుంది. పూర్తిగా చచ్చిన ఇంజిన్ మనిషిని మోసం చేయదు. సగం బతికినదే 'ఇంకొంచెం దూరం లాగుదాం' అని ఆశ పెడుతుంది. ఓడను వెతకాలన్నా, అనువైన చోట దిగాలన్నా కావలసిన శక్తి ఆ సగంలోనే ఉంది. దాన్ని గమ్యం మీద ఖర్చుపెడితే దిగడానికి ఏమీ మిగలదు. మా బాబాయి అచ్చు ప్రెస్సు విషయంలో ఇదే చూశాను. అప్పు పుట్టే రోజుల్లోనే మూసి ఉంటే పనివాళ్ల జీతాలైనా తీరేవి. పట్టు వదలని విక్రమార్కుణ్ణి మెచ్చుకుంటూ పెరిగాం మనం. వేళకు పట్టు వదిలినవాడికి అంత మెప్పు దక్కదు. అది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

2015 జనవరిలో కాలిఫోర్నియా నుంచి హవాయికి ఒంటరిగా వెళ్తున్న సిరస్ అనే చిన్న విమానం పైలట్ కూడా ఇలాగే చేశాడు. అదనపు ట్యాంకులోని ఇంధనం ఇంజిన్‌కు అందడం లేదని తెలియగానే కోస్ట్ గార్డుకు చెప్పాడు. దారిలో ఉన్న ప్రయాణికుల ఓడకు దగ్గరగా వెళ్లి, విమానానికి అమర్చిన పారాచ్యూట్ విప్పి నీళ్లలో దిగాడు. తెప్ప ఎక్కి బతికాడు.

హాకర్ దిగిన నెలలోపే, జూన్ 15న, ఆల్కాక్, బ్రౌన్ అనే మరో జంట ఆగకుండా అట్లాంటిక్ దాటి బహుమతి గెలుచుకున్నారు. హాకర్, గ్రీవ్‌లకు అదే పత్రిక ఓదార్పుగా 5,000 పౌండ్లు ఇచ్చింది. నన్నడిగితే అది ఓదార్పు సొమ్ము కాదు, న్యాయంగా వాళ్లు గెలుచుకున్నదే.