చెక్కడం ఎవరి కళ్ల కోసం?

రష్యా పల్లెల్లో పాతకాలపు కొయ్య ఇంటిని ఇజ్బా అంటారు. పైన్ దుంగలను అడ్డంగా పేర్చి, మూలల్లో గాడి కొట్టి ఒకదానిలో ఒకటి కూర్చోబెడతారు. గాలి చొరకుండా సందుల్లో నాచు కుక్కుతారు. ఇంట్లో పెద్ద చోటు పొయ్యిదే. చలి ముదిరే ఉత్తరాన మనుషులు, పశువులు, గడ్డి అంతా ఒకే కప్పు కింద. కప్పు మీది దూలం కొసను గుర్రం తలగా చెక్కుతారు. కిటికీ చుట్టూ సూర్యుడు, పిట్టలు, తీగలు చెక్కిన పలకలుంటాయి. వాటి పేరు నలిచ్నికి. నగల్లా కనిపిస్తాయి గానీ, వాటి అసలు పని చౌకట్టుకూ గోడకూ మధ్య సందు మూయడం.

ఇప్పుడు చాలామంది వాటిని పీకేసి ప్లాస్టిక్ కిటికీలు పెట్టించుకుంటున్నారు. పట్నం నుంచి చూడవచ్చినవాళ్లు అయ్యో అంటారు. ఆ ఇంట్లో చలికాలం గడపనివారికి అలా అనే హక్కు ఉందా? లేదనే నేనంటాను. మన గడ్డి ఇళ్లు పోయి రేకులు వస్తున్నాయని బాధపడేవారిని నేనూ చూశాను. ఏటా వానలకు ముందు కప్పెక్కి గడ్డి మార్చేది వాళ్లు కాదు.

అలాగని పోతే పోనీ అనుకోవడమూ నాకు కుదరదు. ఒనేగా సరస్సులోని కీజి దీవిలో ఆరుబయటి మ్యూజియం ఉంది. 1876లో కట్టిన ఓషెవ్నెవ్ కుటుంబం ఇంటిని 1951లో విప్పి అక్కడికి తెచ్చారు. కరేలియన్, వెప్సియన్ జాతుల ఇళ్లూ అక్కడ ఉన్నాయి. దుంగల ఇంటిని విప్పి మరోచోట నిలబెట్టడం రష్యన్లకు కొత్త కాదు. కానీ అప్పుడు ఇంటితో మనుషులూ కదిలేవారు. మ్యూజియంలో ఇల్లు ఒక్కటే వచ్చింది, పొయ్యి చల్లబడింది. భోపాల్ మానవ్ సంగ్రహాలయలో ఆదివాసుల ఇళ్ల గురించీ ఇదే అడగాలి.

మరి మిగలాల్సింది ఏమిటి? కొయ్యా, చెయ్యా? మన బడుల్లో చేతిపని అంటే కాగితం పూలే. వాసాలు కట్టే తాతను పిల్లల ముందు నిలబెట్టిన బడులు ఎన్ని?

అదే కీజిలో 1714 నాటి చర్చి ఉంది. 22 గుమ్మటాలు, అన్నీ కొయ్యవే. అది ఒరిగిపోతుంటే పైభాగాన్ని ఎత్తి పట్టి, కింది వరుసలు ఒక్కొక్కటే విప్పి, పుచ్చిన దుంగల చోట కొత్తవి పెట్టారు. 2020కి పని పూర్తయింది. పాత దుంగ పక్కన కొత్త దుంగ అతకాలంటే పాత గాడి కొట్టడం వచ్చిన వడ్రంగులు కావాలి. వాళ్లు ఉన్నారు కాబట్టే చర్చి నిలబడింది.