అమ్మ కంచం

1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలే. ఒంగోలు చుట్టుపక్కల మా పల్లెలకు ప్రార్థన వచ్చిన దారి అదే. బడీ ఆ దారినే వచ్చింది.

మా అయ్య కూలికి పోయొచ్చి, కాళ్లు కడుక్కొని, దీపం కాడ బైబిలు తెరిచేవాడు. చదువురాని అమ్మ పాట ఎత్తుకునేది. ఆ వెలుగులో మాది నిండు సంసారమే. ప్రార్థన అయ్యాక అయ్యా, మేమూ ముందు తినేవాళ్లం. అమ్మ చివర్న అడుగు మాడు తినేది. ఒక్కోనాడు అదీ ఉండేది కాదు.

టీకొట్టులో మాకు వేరే గ్లాసు పెడితే కులమన్నాం, కొట్లాడాం. ఇంట్లో అమ్మ కంచం వెనక్కి జరిగితే ప్రేమన్నాం, త్యాగమన్నాం. ప్రభువు బల్ల దగ్గర అందరిదీ ఒకే రొట్టె. మరి ఇంట్లోనో?

నేను పంతులునయ్యాను. నా ఇంట్లోనూ అంతే. ఒక రాత్రి యేసు శిష్యుల కాళ్లు కడిగిన భాగం చదివి ప్రార్థన ముగించాను. నా భార్య వంటింట్లోనే ఉంది. "అమ్మ రాకముందే ఆమేన్ అన్నావేంది నాన్నా?" అంది పాప. తలెత్తలేకపోయాను.

ఒక్కరి పొట్ట మాడ్చి తెచ్చుకున్న సుఖాన్ని క్రీస్తు ప్రేమ అనడానికి నాకు నోరు రావడం లేదు. అణచివేత అంటే ఏంటో ఒంటి మీద తెలిసినోళ్లం మనం. మన గడపలోపల దాన్ని గుర్తుపట్టకపోతే ఎట్టా?

ఇప్పుడు వంటలో, అంట్లలో నేనూ చెయ్యి పెడుతున్నాను. అమ్మ మాత్రం "మగోడివి, బాగుండదురా" అంటది. ఆమె కంచం ముందు పెట్టి కూర్చోబెడతాను. ఒక ముద్ద తిని, మళ్లీ లేవబోతది.