ఈ రోజు ఏం వచ్చింది?

పరాయి దేశంలో చేప తినాలంటే ముందు మన ఇష్టాన్ని కాసేపు పక్కన పెట్టాలి. కోడి ఏ దేశంలోనైనా కోడే. పప్పూ, బంగాళాదుంపా ఎక్కడికెళ్లినా కాస్త అటూ ఇటూగా ఒకే రుచి. సముద్రపు చేప అలా కాదు. ఏ తీరం, ఏ నెల, రాత్రి గాలి ఎటు వీచింది, వల వేసినవాళ్లకు ఏం పడింది అన్న వాటిని బట్టే మన భోజనం తేలుతుంది. అందుకే నా ప్రయాణాల్లో గుళ్లూ కోటలూ మ్యూజియంలూ నేర్పని పాఠం రేవు పక్కన తిన్న భోజనం నేర్పింది.

పోర్చుగల్‌లో పోర్టో నగరాన్ని ఆనుకుని మటోజిన్యోస్ అనే రేవు పట్నం ఉంది. రేవుకు దగ్గర్లో ఒక వీధి నిండా హోటళ్లే. బొగ్గుల పొయ్యిలు వీధిలోనే పెట్టి చేపలు కాలుస్తారు. జూన్ నెల మధ్యాహ్నం ఆ వీధంతా పొగ, కాలుతున్న చేప కొవ్వు వాసన. నేను మెనూ చూసి ఖరీదైన చేప ఒకటి అడిగాను. వడ్డించే పెద్దాయన తల అడ్డంగా ఊపి, ఐసు మీద పరిచిన చేపల దగ్గరికి తీసుకెళ్లాడు. ఒక సార్డిన్‌ను చేతిలోకి తీసుకుని మొప్ప ఎత్తి చూపించాడు. లోపల ఎర్రగా, తడిగా ఉంది. కన్ను నిండుగా మెరుస్తోంది. విశాఖ రేవులోనూ కాకినాడ రేవులోనూ మన ఆడవాళ్లు బేరం మొదలుపెట్టే ముందు చేసే పని అదే. ఆయన భాష నాకు రాదు, నా భాష ఆయనకు రాదు. అయినా ఏం తినమంటున్నాడో తెలిసిపోయింది.

సార్డిన్ మన కవళ్లకు దగ్గరి చుట్టం. మన దగ్గర కవళ్లు చవక చేప. చుట్టాలొస్తే వంజరమో చందువో తెస్తాం కానీ కవళ్లు వండం. అక్కడ మాత్రం పండుగనాడు వీధివీధినా కాలేది ఈ చవక చేపే. పొలుసు తీయరు, కడుపు కోయరు. కల్లుప్పు చల్లి కాసేపు ఉంచి నిప్పుల మీద పెడతారు. పైన పొలుసూ ఉప్పూ అడ్డు ఉండడంతో కండ ఎండిపోకుండా తన కొవ్వులో తానే మగ్గుతుంది. మసాలా లేదు, పులుసు లేదు. పక్కన ఉడికించిన బంగాళాదుంపలు, కాల్చి ఒలిచిన క్యాప్సికం ముక్కలు. చేపను మందపాటి రొట్టె ముక్క మీద పెట్టుకుని, వేళ్లతో తోలు ఒలిచి ఒక పక్క కండ తింటారు. వెన్నుముల్లు ఎత్తేసి రెండో పక్క తింటారు. మూడు నాలుగు చేపలు అయ్యేసరికి కింది రొట్టె ఆ కొవ్వంతా పీల్చుకుని మెత్తబడుతుంది. ఆఖర్న తినే ఆ రొట్టెకు సాటి వచ్చేది ఆ బల్ల మీద మరోటి లేదు. సెయింట్ జాన్ పండుగ నాటికి సార్డిన్ రొట్టె మీద కారుతుందని వాళ్ల సామెత.

ఆ సామెత వెనక సముద్రం లెక్క ఉంది. అక్కడి సార్డిన్ చలికాలంలో గుడ్లు పెట్టి చిక్కిపోతుంది. వేసవి దగ్గరపడే కొద్దీ ఉత్తరపు గాలులు తీరం వెంబడి వీచి పైనీటిని నడిసముద్రంలోకి నెడతాయి. ఆ చోటులోకి అడుగునున్న చల్లటి నీరు పోషకాలను మోసుకుని పైకొస్తుంది. ఎండ తగిలి అందులో కంటికి కనిపించని జీవం పుట్టుకొస్తుంది. దాన్ని తిని సార్డిన్ బలుస్తుంది. జూన్ 12 రాత్రి లిస్బన్‌లో సెయింట్ ఆంథోనీ పండుగ, జూన్ 23 రాత్రి పోర్టోలో సెయింట్ జాన్ పండుగ. చేపకు కొవ్వు పట్టే వేళకే పండుగలూ వస్తాయి. అదే చేపను జనవరిలో కాల్చి పెడితే ఈ రుచి రాదు. వంటవాడి చేతిలో ఉన్నది కొంతే.

ఈ రుచికి మనుషుల నిగ్రహం కూడా తోడైంది. ఒక దశలో స్పెయిన్, పోర్చుగల్ తీరాల్లో సార్డిన్ బాగా తగ్గిపోయింది. 2018లో అసలు పట్టవద్దని ఐసీఈఎస్ అనే అంతర్జాతీయ సముద్ర శాస్త్ర సంస్థ 2017లో సలహా ఇచ్చింది. రెండు దేశాలూ వేట పూర్తిగా మానలేదు కానీ పట్టే పరిమాణాన్ని బాగా తగ్గించాయి. ఏడాదిలో నెలల తరబడి సార్డిన్ వేట ఆపించాయి. ఆ పడవల మీదే బతికే కుటుంబాలకు అది చిన్న కష్టం కాదు. తర్వాతి ఏళ్లలో చేప మళ్లీ పెరిగింది. నేను ఆనందంగా తిన్న ఆ భోజనానికి డబ్బు నేను కట్టాను. అసలు ధర మాత్రం చేతిలో వల ఉండీ వేయకుండా ఆగినవాళ్లు ముందే చెల్లించారు.

ఇది మనకు తెలియని సంగతేం కాదు. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. గోదావరికి ఎర్రనీరు వస్తే తప్ప పులస ఎదురెక్కదు, దానికోసం ఎదురుచూడడం గోదావరి జిల్లాలవాళ్లకు అలవాటే. కానీ ఫ్రీజర్లూ విమానాలూ వచ్చాక ఏ చేపైనా ఏ నెలైనా దొరకాలన్న పట్టుదల పెరిగింది. ఫ్రీజరును నేను తప్పుపట్టను. సముద్రానికి దూరంగా ఉన్నవాళ్లకు చేప అందుతోందంటే దానివల్లే. అన్నీ ఎప్పుడూ దొరికితే మాత్రం ఎదురుచూపు పోతుంది, దాంతోపాటు సగం రుచీ పోతుంది.

కోరింది దొరకడమే తృప్తి అని మనం అనుకుంటాం. ఇంటి దగ్గర చాలావరకు అదే నిజం. పరాయి తీరంలో మాత్రం దొరికినదాన్ని మనసారా కోరుకోవడం నేర్చుకుంటాం. ఈ రెండో తృప్తి మొదటిదానికంటే గట్టిదని నా నమ్మకం. ఎందుకంటే అది మన జేబు మీదా పట్టుదల మీదా ఆధారపడదు.

ఈసారి ఏ సముద్ర తీరానికి వెళ్లినా, మీకిష్టమైన చేప ఉందా అని అడగకండి. ఈ రోజు ఏం వచ్చిందని అడగండి. వాళ్లు చూపించిందే తినండి. ఏమీ రాలేదంటే ఆ పూట కూరగాయలతో సరిపెట్టుకోండి, సముద్రానికీ కాస్త విశ్రాంతి దొరుకుతుంది.