తీర్పు ముందా, విచారణ ముందా?

కీర్తన సగములో నుండగా విద్యుత్ గిటారు హఠాత్తుగా మూగబోవును. ఒక క్షణమునకు మరల పలుకును, మరల ఆగిపోవును. అప్పుడు మన కన్నులన్నియు ఎవరిమీదికి మరలును? వాయించుచున్న యౌవనస్థునిమీదికే. ఒకరు, "వీనికి వాయించుట రాదు" అందురు. ఒకరు, "చవక సరుకు కొన్నారు" అందురు. ఇంకొకరు అమ్మినవానిని తిట్టుదురు. కారణము ఎవరికిని తెలియదు గాని తీర్పు మాత్రము అందరివద్దను సిద్ధముగా నున్నది. కారణమెరుగక తప్పు మోపుట న్యాయమా? ఇది గిటారుతో ముగియు ప్రశ్న కాదు.

మొదట ఆ వాద్యము ఎట్లు పలుకునో చూతము. దాని ఉక్కు తీగెల క్రింద అయస్కాంతములుండును. వాని చుట్టు సన్నని రాగి తీగె వేలకొలది చుట్లుగా చుట్టబడి యుండును. దీనిని పికప్ అందురు. పైనున్న తీగె అదరినప్పుడు ఈ రాగి చుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. 1831లో మైకేల్ ఫారడే కనుగొనిన సూత్రమిదే. ఆ విద్యుత్తు స్విచ్చిని, వాల్యూము మీటను దాటి జాక్ చేరును. అచ్చటనుండి కేబులు ద్వారా యాంప్లిఫయరునకు, తుదకు స్పీకరునకు పోవును. ఈ దారిలో ఎక్కడ తెగినను ఫలము ఒక్కటే, మౌనము. తెగిన చోటు మనకు కనబడదు, వాయించువాడు కనబడును. కనబడినవానిమీద నింద పడుట లోకములో పాత వాడుకయే.

హైదరాబాదు పాతబస్తీలో ఈ వాడుకకు విరుద్ధమైన మంచి పద్ధతి యొకటి ఉన్నది. పల్లెనుండి వచ్చి బస్సు దిగినవారు మూసీనదిమీది నయాపూల్ దాటి చార్మినారు వైపు పోవుదురు గదా. ఆ ప్రాంతములోనిదే ఛత్తా బజారు. పాత వాల్వు రేడియోలను బాగుచేయుటలో పేరుపొందిన మహబూబ్ రేడియో సర్వీసు అను దుకాణము ఆ బజారుదే. పత్రికలు దానిని గూర్చి పలుమారులు వ్రాసినవి. రేడియోయు, గిటారు యాంప్లిఫయరును ఒక ఇంటి బిడ్డలవంటివి. సన్నని సంకేతమును పెంచి స్పీకరులో పలికించుటయే రెండింటి పని. ఇట్టి పని తెలిసిన మేస్త్రీ, మూగబోయిన పెట్టెను చూచి వెంటనే "ఇది పనికిరాదు" అనడు. ఒక్కొక్క చోటును పరీక్షించి గాని నోరు విప్పడు.

గిటారు విషయములోను క్రమము ఇదియే. మొదట కేబులు మార్చి చూడవలెను. అది చవకైనది, అందరి కాళ్లక్రింద పడునది. ప్లగ్గు దగ్గర వంగి వంగి లోపలి టంకము విడిపోవును. అప్పటికిని స్వరము ఆగుచున్నయెడల, అదే కేబులుతో వేరొక గిటారును తగిలింపవలెను. అదియు ఆగినయెడల మొదటి గిటారు నిర్దోషి, యాంప్లిఫయరును చూడవలెను. అది చక్కగా పలికినయెడల, మొదటి గిటారు జాక్‌లో ప్లగ్గును మెల్లగా కదల్పవలెను. గరగరమని ఆగినచో జాక్ నట్టు వదులై లోపలి తీగె మెలిపడి తెగియుండవచ్చును. వాల్యూము త్రిప్పినప్పుడే గరగరమనినచో అది లోపలి దుమ్ము కావచ్చును. కొన్ని గిటార్లలో 9 వోల్టుల బ్యాటరీ ఉండును. వానిలో చాలవాటికి కేబులు తగిలించియున్నంతసేపు బ్యాటరీ ఖర్చగుచునే యుండును. ఒకమారు ఒక్కటే మార్చవలెను. రెండు మార్చినచో దోషి యేదో తెలియదు. యాంప్లిఫయరును మాత్రము మనము విప్పరాదు. వాల్వుల యాంప్లిఫయరులో, ప్లగ్గు తీసిన తరువాత కూడ, ప్రాణము తీయగల విద్యుత్తు నిలిచియుండవచ్చును.

ఈ దోషమునకు మరియొక గుణము కలదు. మేస్త్రీ యెదుట పెట్టగానే అది చక్కగా పలుకును! అప్పుడు, "దోషమే లేదు, నీవు అబద్ధమాడితివి" అందుము. ఒకసారి ఆగినంత మాత్రమున వాద్యము చెడ్డది కాదు. ఒకసారి పలికినంత మాత్రమున దోషము లేదనియు కాదు. మనుష్యులును ఇట్టివారే. కూలివాడు రెండు దినములు రాకపోయిన సోమరి యందుము; ఇంట బిడ్డకు జ్వరమేమో అడుగము. పాటలు పాడు చెల్లెలు మానివేసిన గర్వమందుము. ఆమె మనస్సులో ఏ తీగె తెగినదో విచారింపము.

అట్లయిన ఎవరియందును తప్పే లేదా? ఉండవచ్చును. ఆ యౌవనస్థుడే కేబులును త్రొక్కి లాగియుండవచ్చును. విచారణలో అది తేలినయెడల వానికి చెప్పుట మన విధి. కేబులును భుజపు పట్టీమీదుగా ఒక చుట్టు త్రిప్పుకొనిన, లాగుడు జాక్‌మీద పడదని నేర్పవచ్చును. విచారణ దోషిని విడిచిపెట్టుట కాదు. నిర్దోషిని శిక్షింపకుండుట, దోషికి దారి చూపుట. విచారింపకయే తీర్పు తీర్చబోయిన సభలో నీకొదేము అడ్డుపడిన సంగతి యోహాను సువార్త 7వ అధ్యాయములో మనము చదివియున్నాము. ఆ సభవారు అతనిని గద్దించిరి గాని అతని ప్రశ్నకు జవాబు చెప్పలేదు.

తెగిన తీగెకు సాయంకాలములోగా టంకము పెట్టవచ్చును. పదిమందిలో నిందపడి వాద్యము క్రింద పెట్టిన చేయి మరల దానిని పట్టునో లేదో ఎవరు చెప్పగలరు? కావున ప్రియులారా, నోటికి తీర్పు వచ్చినప్పుడు, కేబులు చూచితిమా యని ముందుగా మనలను మనమే అడుగుకొందము.